ఆటల పీరియడ్ ఎవరిది?

విద్యార్థుల వ్యాయామం గురించి, పాఠశాల క్రీడల గురించి వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని కేటాయించాం. ఒకే సందేహాన్ని పలువురు రాసినచోట వాటిని కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాం. పిల్లల వివరాలు బయటపడకుండా పేర్లు తీసివేసి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా అమ్మాయి హాస్టల్‌లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఉదయం ఆరు గంటల స్టడీ అవర్ మొదలుకొని రాత్రి తొమ్మిదిన్నర దాకా తిండికి తప్ప బల్ల మీద నుంచి లేచేది లేదు. టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉన్నా, ఆ సమయంలో లెక్కలు చెబుతున్నారట. అడిగితే ‘పదో తరగతి గట్టెక్కనివ్వండి, తర్వాత జీవితమంతా ఆడుకోవచ్చు’ అన్నారు. ఆటలకు సమయం ఇస్తే మార్కులు నిజంగానే తగ్గుతాయా?
– ఒక తల్లి, గుడివాడ

జవాబు: తగ్గవు. ఆటలంటే ఇష్టమున్నవారు ఓదార్పుగా చెప్పే మాట కాదిది, పరీక్షించి చూసిన విషయం. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, త్రువా రివియేర్ ప్రాంతంలో 1970లలో 546 మంది ప్రాథమిక పాఠశాల విద్యార్థులను కొన్నేళ్ల పాటు గమనించారు. వారిలో ఒక వర్గానికి రోజుకు ఒక గంట చొప్పున అదనంగా వ్యాయామ పాఠం పెట్టారు. ఆ గంటను బడి వదిలిన తర్వాత కలపలేదు, చదువు చెప్పే సమయంలోంచే తీశారు. దాంతో ఆ పిల్లలకు మిగతా పాఠాల బోధన దాదాపు 13, 14 శాతం తగ్గింది. అయినా ఒకటో తరగతి దాటాక వారి మార్కులు మామూలు టైంటేబుల్ ప్రకారం చదివినవారి మార్కుల కంటే మెరుగ్గానే ఉన్నాయి. మీ అమ్మాయి చదివే పాఠశాల భయపడుతున్నది సరిగ్గా ఈ కోత గురించే కాబట్టి, పాతదైనా ఈ ప్రయోగాన్నే ముందు చెబుతున్నాను.

ఇటీవలి కాలానికి వస్తే, అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 221 మంది పిల్లలను ఏ ఎంపికా లేకుండా రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గాన్ని తొమ్మిది నెలల పాటు బడి వదిలాక ఆడించారు. మనసు చెదరకుండా ఒక పని మీద నిలపడంలోనూ, ఒక పని నుంచి మరో పనికి తడబాటు లేకుండా మళ్లడంలోనూ ఆ పిల్లలు రెండో వర్గం కంటే ఎక్కువ మెరుగుపడ్డారు. ఎక్కువ రోజులు హాజరైన పిల్లల్లో ఈ మార్పు మరింత స్పష్టంగా కనిపించింది.

ఇందుకు కారణాలు పలు రకాలు. శరీరం చురుగ్గా కదిలినప్పుడు మెదడుకు రక్తప్రసరణ పెరుగుతుంది. నాడీకణాల మధ్య అనుసంధానం బలపడేందుకు తోడ్పడే ప్రొటీన్లు మెదడులో ఎక్కువగా తయారవుతాయి. నా దృష్టిలో వీటన్నిటి కంటే ముఖ్యమైనది నిద్ర. సాయంత్రం చెమట పట్టేలా ఆడిన పిల్లలు పడుకున్న కొద్దిసేపటికే గాఢ నిద్రలోకి వెళతారు, పగలు చదివినది మెదడులో స్థిరపడేది ఆ నిద్రలోనే. పదమూడేళ్లు దాటిన పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతుండగా, రాత్రి తొమ్మిదిన్నరకు పుస్తకం మూసి తెల్లవారుజామున ఐదింటికి లేచే అమ్మాయికి ఏడు గంటలు దక్కడం కూడా కష్టమే. ఆటను, నిద్రను రెంటినీ కోసి పెంచిన చదువు గంటల్లో ఆఖరి రెండు గంటలు కళ్లు తెరుచుకుని కూర్చోవడానికే సరిపోతాయి.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఆడినంత మాత్రాన చదవని పాఠం వచ్చేయదు. వ్యాయామం మార్కులను అమాంతం పెంచుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆటకు ఇచ్చిన సమయం వల్ల చదువు దెబ్బతినదన్నదే గట్టిగా చెప్పగలిగిన మాట, మీ ప్రశ్నకు అది చాలు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. తల్లిదండ్రుల సమావేశంలో ఒంటరిగా కాకుండా మరో నలుగురైదుగురితో కలిసి అడగండి. ‘పిల్లల్ని ఆడించండి’ అంటే సరేనని తల ఊపి మరచిపోతారు. సాయంత్రం ఐదు నుంచి ఐదూ నలభై దాకా మైదానానికి పంపి, ఆ సమయంలో ఏ పాఠమూ పెట్టవద్దని కచ్చితమైన వేళతో అడగండి. మీ పాఠశాల సీబీఎస్ఈది అయితే, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఆరోగ్య, వ్యాయామ విద్యను ఆ బోర్డు 2018లోనే తప్పనిసరి చేసిందని గుర్తుచేయండి. బోర్డు ఏదైనా, క్రీడలను పాఠ్యాంశాలకు వెలుపలి వ్యవహారంగా చూడరాదన్నది 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పిన మాట.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. రోజూ బడికి సైకిల్ మీద వెళ్లివస్తాడు, రానూపోనూ నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. అది సరిపోతుందా? అసలు ఎంత వ్యాయామం కావాలి?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లలు వారం మొత్తం మీద సగటున రోజుకు 60 నిమిషాల పాటు మధ్యస్థం నుంచి తీవ్ర స్థాయి వరకు శరీర శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మధ్యస్థం అంటే మాట్లాడగలరు గాని పాట పాడలేరు. తీవ్రం అంటే నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకోవలసి వస్తుంది. కండరాలకు, ఎముకలకు బలమిచ్చే శ్రమ వారంలో కనీసం మూడు రోజులు ఉండాలన్నది అందులోని మరో భాగం. చాలామంది తల్లిదండ్రుల దృష్టికి రానిది ఇదే.

మీ అబ్బాయి సైకిల్ ప్రయాణం పావుగంట, ఇరవై నిమిషాల శ్రమ. గుండెకు, ఊపిరితిత్తులకు అది మంచిదే, మానిపించకండి. కానీ సైకిల్ తొక్కేటప్పుడు శరీర బరువు సీటు మీద ఉంటుంది గనుక ఎముకలకు పెద్దగా పని ఉండదు. ఎముక గట్టిపడేది గెంతినప్పుడు, దూకినప్పుడు, పరుగెత్తుతూ చటుక్కున దిశ మార్చినప్పుడు, అంటే పాదం నేలను బలంగా తాకే ప్రతిసారీ. ఆడపిల్లలకు పన్నెండు, పదమూడేళ్ల ప్రాంతంలోనూ, మగపిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాంతంలోనూ ఎముకల్లో ఖనిజాలు అత్యంత వేగంగా చేరతాయి. పెద్దయ్యాక ఉండే మొత్తం ఎముక ఖనిజంలో దాదాపు నాలుగో వంతు ఆ రెండేళ్ల వ్యవధిలోనే సమకూరుతుంది. అరవై ఏళ్ల వయసులో తుంటి ఎముక విరుగుతుందా లేదా అన్నది కొంతవరకు ఏడో తరగతిలో తేలుతుందన్నమాట. మీ అబ్బాయి ఇప్పుడు ఆ వయసు ముంగిట ఉన్నాడు. సాయంత్రం అరగంట కబడ్డీయో, తాడాటో, బాస్కెట్‌బాలో, ఏదీ కుదరకపోతే వీధిలో పిల్లలతో పరుగులాటో కలిపితే లెక్క సరిపోతుంది.

మీవాడు అసలేమీ చేయనివాడు కాదు గనుక కంగారు వద్దు. 2016 నాటి సమాచారంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 146 దేశాల లెక్కలు తీసినప్పుడు, పదకొండు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 81 శాతం మందికి ఈ గంట శ్రమ లేదని తేలింది.

ప్రశ్న: మాది మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల. వ్యాయామ ఉపాధ్యాయుడు లేడు. మైదానం పేరుతో ఉన్నది బడి ముందున్న కాస్త ఖాళీ జాగా. నలభై మంది పిల్లల్ని అక్కడ ఏం ఆడించగలం? సామగ్రి కూడా అంతంతమాత్రమే.
– ఒక ఉపాధ్యాయుడు, పార్వతీపురం

జవాబు: ముందు హక్కుల మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆటస్థలం పాఠశాల భవన ప్రమాణాల్లో భాగంగా ఉంది. ప్రతి తరగతికీ అవసరమైన ఆట వస్తువులు ఇవ్వాలని అందులోనే ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు నూరుమందికి మించి పిల్లలున్న చోట ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి పెట్టాలని కూడా ఉంది. మీ సంఖ్య నూరుకు చేరదు కాబట్టి బోధకుడి విషయంలో ఆ నిబంధన మీకు అక్కరకు రాదు. ఆట వస్తువులకు మాత్రం సంఖ్యతో పని లేదు. పాఠశాల యాజమాన్య కమిటీతో తీర్మానం చేయించి రాతపూర్వకంగా అడగండి.

ఇక జాగా గురించి. పెద్దల కబడ్డీ కోర్టే 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. పిల్లలకు అంతకంటే చిన్నది గీస్తే చాలు. సున్నపు గీత తప్ప ఈ ఆటకు ఏ సామగ్రీ అక్కర్లేదు. పైగా ఔటైన ఆటగాడు తన జట్టు ప్రత్యర్థిని ఔట్ చేయగానే తిరిగి లోపలికి వస్తాడు కనుక ఎవరూ చాలాసేపు గట్టున కూర్చోరు. ఏడుపెంకులాటకు ఒక బంతి, ఏడు పెంకులు చాలు. తొక్కుడుబిళ్లను ఆడపిల్లల కాలక్షేపంగా తీసిపారేస్తాం గాని, ఒంటికాలి మీద గెంతుతూ గడి గీత తొక్కకుండా తిరిగి రావడం తుంటికి, పిక్కకు, శరీర సమతూకానికి ఎంత శిక్షణో ఒక్కసారి మీరే గెంతి చూడండి.

నలభై మందిని ఒకే ఆటలో దింపకపోవడమే ఇందులో కిటుకు. పదిమంది చొప్పున నాలుగు గుంపులు చేసి, ఒక మూల తొక్కుడుబిళ్ల, ఒక మూల తాడాట, మధ్యలో కబడ్డీ, గోడవారన బంతి విసరడం పెట్టి, పది నిమిషాలకోసారి గుంపుల్ని మార్చండి. ఒక పిల్ల పీరియడ్ మొత్తంలో ఎన్ని నిమిషాలు కదిలిందో ఎప్పుడైనా గడియారం పెట్టి చూస్తే ఆశ్చర్యపోతారు. ఇద్దరు బ్యాటు, బంతి పట్టుకుని మిగతా ముప్పై ఎనిమిది మంది నిలబడే క్రికెట్‌లో ఆ లెక్క మరీ అన్యాయంగా ఉంటుంది. ఔటైనవారిని చివరిదాకా బయట కూర్చోబెట్టే ఆటలు కూడా తగ్గించండి. ముందుగా ఔటయ్యేది, ఆడవలసిన అవసరం అందరికంటే ఎక్కువ ఉన్న పిల్లలే.

వేసవిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆటను మొదటి పీరియడ్‌కు జరపండి. ఎండ ముదిరాక ఆడించవద్దు. పావుగంటకోసారి అందరితో నీళ్లు తాగించండి. దాహం వేసినప్పుడు తాగుతారులే అని వదిలేస్తే పిల్లలు ఆట ధ్యాసలో తాగరు. తల తిరుగుతోందని, వాంతి వస్తోందని చెప్పిన పిల్లను వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ గాలి తగిలేలా చూడాలి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నట్టున్నా ఒంటిని చల్లబరుస్తూనే 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఆరో తరగతి దాకా ఖోఖో జట్టులో ఉండేది. పెద్దమనిషి అయ్యాక ఆడటం మానేసింది. కొంచెం పరుగెత్తినా ఆయాసం వస్తోందంటుంది. మా అత్తగారు ఈ వయసులో గెంతులు మంచివి కావంటారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయాలి.

ఆయాసాన్ని ముందు చూడండి. ఆమెను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి రక్తంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలసరి మొదలయ్యాక ప్రతి నెలా కొంత ఇనుము శరీరం నుంచి పోతుంది, ఎదుగుదలకు మరికొంత కావాలి, తిండిలో వచ్చేది రెంటికీ చాలదు. హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు ప్రాణవాయువు సరిగా అందదు గనుక నిన్నటిదాకా ఖోఖోలో పరుగులు తీసిన పిల్ల కూడా రెండు మలుపులకే రొప్పుతుంది. దాన్ని ఇంట్లో బద్ధకమని, బడిలో ఆసక్తి లేదని అంటారు. ఈ వయసు ఆడపిల్లకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే వైద్యుల సలహాతో చికిత్స మొదలుపెట్టాలి. ప్రభుత్వ పాఠశాలల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పిల్లలు కడుపులో తిప్పుతుందని పారేయడం మామూలే. పరగడుపున కాకుండా మధ్యాహ్న భోజనం తర్వాత వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఉసిరి, నిమ్మ వంటి పులుపు తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది, మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఒంటబట్టదు. ఆడుతుండగా గుండెలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, దగ్గరి బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, గుండె పరీక్ష పూర్తయ్యేదాకా ఆటలకు పంపవద్దు.

రెండోది మీ అత్తగారి మాట. పెద్దవారు ప్రేమతోనే చెబుతారు, అయితే ఈ విషయంలో వైద్యం అందుకు విరుద్ధంగా ఉంది. పరుగెత్తడం వల్ల, గెంతడం వల్ల గర్భసంచికి హాని జరగదు. నెలసరి రోజుల్లో తేలికపాటి వ్యాయామం పొత్తికడుపు నొప్పిని చాలామందిలో తగ్గిస్తుంది. ఆ రోజుల్లో ఆడాలో వద్దో మీ అమ్మాయే నిర్ణయించుకోవాలి, బలవంతంగా ఆడించడమూ బలవంతంగా ఆపడమూ రెండూ తగవు. కర్ణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో బరువులెత్తడం మొదలుపెట్టింది దాదాపు మీ అమ్మాయి వయసులోనే. 2000లో సిడ్నీలో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయిన తర్వాత ఆమె తల్లి కూడా అయింది. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పి చూడండి.

అసలు కారణం మీరు రాయనిది కూడా కావచ్చు. ఈ వయసులో ఆడపిల్లలు ఆట మానేసేది తరచుగా ఒంటి గురించిన బెరుకుతో. చూసేవాళ్లు ఏమంటారోనని, పొట్టి నిక్కరు వేసుకోమంటారేమోనని, బట్టలు మార్చుకునే చోటు లేదని, మరుగుదొడ్డిలో నీళ్లు లేవని వాళ్లు అమ్మతో కూడా చెప్పరు. ట్రాక్ ప్యాంటు, వదులైన టీషర్టు, ఆటకు పనికివచ్చే బిగుతైన లోదుస్తులు కొనివ్వండి. మరుగుదొడ్డి విషయం ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడండి. వీటితోనే మళ్లీ మైదానంలోకి వచ్చే పిల్లలు చాలామంది ఉంటారు.

ప్రశ్న: నేను లావుగా ఉంటాను. పరుగుపందెంలో ఎప్పుడూ ఆఖరున వస్తాను. జట్లు పంచుకునేటప్పుడు నన్ను ఎవరూ కోరుకోరు. మా డ్రిల్లు సారు జోనల్స్‌కి వెళ్లేవాళ్లకే నేర్పిస్తారు, మమ్మల్ని చెట్టుకింద కూర్చోమంటారు. నాకు ఆటలు అవసరమా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, సూర్యాపేట

జవాబు: బాబూ, ఆటల పీరియడ్ నీది. జోనల్స్‌కి వెళ్లే పదిహేను మందికి ఉదయం, సాయంత్రం విడిగా సాధన ఉంటుంది. టైంటేబుల్‌లో ఉన్న పీరియడ్ తరగతిలో పేరున్న ప్రతి ఒక్కరికీ చెందుతుంది, అందులో నీ వంతు నువ్వు అడిగి తీసుకోవచ్చు. ‘సార్, మేం నలుగురం ఆ పక్కన ఆడుకుంటాం, ఒక బంతి ఇవ్వండి’ అని అడుగు. చెట్టుకింద నీతోపాటు కూర్చున్నవాళ్లు ఎలాగూ ఉన్నారు కదా, జట్టు అక్కడే తయారుగా ఉంది.

పరుగు విషయంలో నువ్వు పక్కవాడితో పోల్చుకుంటున్నావు. వేగంగా పరుగెత్తలేనివాడు మొదటి నిమిషంలోనే వేగంగా పరుగెత్తబోయి ఆగిపోతాడు. రెండు నిమిషాలు నడువు, ఒక నిమిషం మెల్లగా పరుగెత్తు, పక్కనున్నవాడితో మాట్లాడగలిగేంత మెల్లగా. అలా ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు చెయ్యి. రెండు వారాలకోసారి పరుగు సమయాన్ని అరనిమిషం పెంచు. బరువు త్వరగా తగ్గకపోతే నిరాశపడకు. బరువులో మార్పు లేకపోయినా రక్తపోటు, రక్తంలో చక్కెర అదుపు, గుండె పనితీరు బాగుపడతాయి, అవి త్రాసు మీద కనిపించవు. బలం అవసరమైన ఆటలు కూడా ప్రయత్నించు. షాట్‌పుట్‌లో, డిస్కస్‌లో, కబడ్డీ పట్టులో నీ ఒళ్లు నీకు సాయం చేస్తుంది. భోజనం తగ్గించి ఆడటం మాత్రం చేయకు, ఎదిగే వయసు నీది.

ఈ జవాబులో మిగతా భాగం ఉపాధ్యాయుల కోసం. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినే పిలుచుకుంటూ జట్లు పంచుకునే పద్ధతిని దయచేసి మానిపించండి. చివర మిగిలే పిల్లవాడికి ఆ రెండు నిమిషాలు ఏళ్ల తరబడి గుర్తుంటాయి. ఆలస్యంగా వచ్చినందుకు మైదానం చుట్టూ పది రౌండ్లు, హోంవర్క్ చేయనందుకు గుంజీళ్లు అనే శిక్షలు కూడా మానండి. వ్యాయామాన్ని శిక్షగా వాడితే పిల్లల మనసులో అది శిక్షగానే నిలిచిపోతుంది, పెద్దయ్యాక అటువైపు వెళ్లమన్నా వెళ్లరు. ప్రతిభను పట్టుకోవడం మీ పని కాదని నేను అనడం లేదు. విశాఖపట్నంలో బడికి వెళ్లే రోజుల్లో జ్యోతి యర్రాజిలో హర్డిల్స్‌కు తగిన ఒడ్డూపొడుగూ ఉన్నాయని గుర్తించింది ఆమె వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆమె 2023లో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్ అయింది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన, మేధోపరమైన వైకల్యంతో పుట్టి చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళికి గురైన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఆమె కూడా మొదట బడిలోనే పరుగు మొదలుపెట్టింది. అందరినీ పరుగెత్తించిన మైదానంలోనే ఇలాంటి పిల్లలు కంటపడతారు.

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. క్రికెట్ అకాడమీలో చేర్చాం. ఆదివారం తప్ప రోజూ మూడున్నర గంటలు సాధన. నెల రోజులుగా బౌలింగ్ చేసే భుజం నొప్పి అంటున్నాడు. కోచ్ ‘అలవాటవుతుంది’ అంటున్నారు. పి.వి. సింధు ఎనిమిదేళ్లకే రాకెట్ పట్టింది కదా, ఇప్పుడు తగ్గిస్తే వెనకబడతాడేమో.
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: బౌలింగ్ ఈ రోజే ఆపించండి, ఈ వారంలోనే ఎముకల వైద్యుడికి చూపించండి. పిల్లల ఎముకల చివర పెరుగుదల జరిగే మెత్తటి భాగం ఉంటుంది. పెద్దవారిలో కండరం పట్టేసే చోట పిల్లల్లో ఆ మెత్తటి భాగమే దెబ్బతినవచ్చు. నెల రోజులుగా ఉన్న నొప్పి అలవాటయ్యే నొప్పి కాదు.

సాధన గంటల విషయానికి వస్తే, క్రీడావైద్యులు చెప్పే ఒక తేలికైన లెక్క ఉంది: వారానికి శిక్షణ గంటలు పిల్లవాడి వయసును దాటకూడదు. పదేళ్లవాడికి పది గంటలు. మీవాడు ఇరవై ఒక్క గంటలు చేస్తున్నాడు. వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఏడాదిలో మొత్తం మీద మూడు నెలల పాటు ఆ ఒక్క ఆట నుంచి విరామం ఉండాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచిస్తుంది. విరామం అంటే ఖాళీగా కూర్చోమని కాదు. ఈత, ఫుట్‌బాల్, పరుగు, ఏదైనా ఆడవచ్చు. చాలా ఆటల్లో ఒకేదానికి పరిమితం కావడం పదిహేను, పదహారేళ్ల దాకా ఆగితే నష్టం లేదన్నది వారి అభిప్రాయం.

సింధు చిన్నప్పుడే మొదలుపెట్టిన మాట నిజం. 2016లో ఒలింపిక్ రజతం, 2019లో ప్రపంచ టైటిల్, టోక్యోలో కాంస్యం గెలిచిన మాటా నిజం. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులైన ఇల్లు అది. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు. ఎప్పుడు ఆపాలో, నొప్పికీ అలసటకూ తేడా ఏమిటో ఇంట్లోనే తెలిసినవాళ్లున్నారు. అదే వయసులో రాకెట్ పట్టి, పదమూడేళ్లకు మోకాలు పాడై మానేసిన పిల్లల కథలు పత్రికల్లో రావు కాబట్టి మనకు సింధు మాత్రమే కనిపిస్తుంది. మరో సంగతి గమనించండి. హకీంపేటలోని క్రీడా పాఠశాల నాలుగో తరగతికి పిల్లల్ని ఎంపిక చేసేటప్పుడు పెట్టే పరీక్షలు 30 మీటర్ల పరుగు, నిలబడి దూకే లాంగ్‌జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు వంటివి. ఏ ఆటలో ఎంత నైపుణ్యం ఉందని అక్కడ అడగరు, ఒంట్లో చురుకుదనం, సత్తువ ఎంతో చూస్తారు. పదేళ్ల వయసులో సంపాదించవలసింది అదే.

ప్రశ్న: ఆరుబయట ఆడితే కళ్లజోడు రాదంటారు, నిజమా? కడ్డీ పట్టుకుని వేలాడితే ఎత్తు పెరుగుతారా? ఆటలాడే పిల్లలకు ప్రొటీన్ పౌడర్ ఇవ్వాలా?
– పలువురు పాఠకులు

జవాబు: మొదటిదానిలో నిజం ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు గమనించారు. దూరపు చూపు మందగించడం ఆ పిల్లల్లో సుమారు 30 శాతం మందికి, మామూలు బడుల పిల్లల్లో 39 శాతానికి పైగా మందికి వచ్చింది. 2015లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని బట్టి ముప్పు తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. ఇక్కడ మేలు చేసేది ప్రధానంగా పగటి వెలుతురు కనుక ఇండోర్ స్టేడియంలో ఆడితే ఈ లాభం రాదు.

కడ్డీకి వేలాడితే చేతులకు, భుజాలకు బలం వస్తుంది, ఎత్తు పెరగదు. ఎత్తును ఎక్కువగా నిర్ణయించేది వంశపారంపర్యం, ఆ తర్వాత తిండి, ఆరోగ్యం. తగిన పర్యవేక్షణలో తేలికపాటి బరువులతో చేసే వ్యాయామం ఎత్తును ఆపేస్తుందన్న భయం కూడా నిరాధారమైనదే.

పౌడర్ అక్కర్లేదు. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు, వేరుశనగ, తినేవారికి చేప, మాంసం చాలు. ఆటకు ముందు ఒక అరటిపండు, తర్వాత అరగంటలో భోజనం ఉంటే చాలా మేలు. డబ్బా మీద బొమ్మకే ధర ఎక్కువ.

ప్రశ్న: వచ్చే ఏడాది ఇద్దరు పిల్లల్నీ కొత్త పాఠశాలలో చేరుస్తున్నాం. ప్రతి బడీ కరపత్రంలో మైదానం ఫొటో వేస్తోంది. నిజంగా ఆడిస్తారో లేదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పనిదినాన సాయంత్రం మూడు, నాలుగు గంటల మధ్య చెప్పకుండా వెళ్లి మైదానంలో పిల్లలున్నారేమో చూడండి. గడ్డి మోకాలెత్తు పెరిగి, గోల్‌పోస్టుకు పక్షి గూడు పెట్టి ఉంటే ఇంకేమీ అడగనక్కర్లేదు. ఆపీసులో వారపు టైంటేబుల్ అడిగి, ప్రతి తరగతికీ వారానికి ఎన్ని ఆటల పీరియడ్లు ఉన్నాయో, ముఖ్యంగా తొమ్మిది, పది తరగతులకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. చాలాచోట్ల కరపత్రంలోని ఆటలు ఏడో తరగతితో ముగిసిపోతాయి. వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడా, ఉంటే బస్సుల వ్యవహారం, ఫీజుల వసూలు, క్రమశిక్షణ పనులు కాకుండా ఆడించే పని ఎంతసేపు చేస్తాడో అడగండి. బీపీఈడీ చదివినవాడిని గేటు దగ్గర నిలబెట్టే బడులున్నాయి. కిందటి సంవత్సరం జోనల్స్‌లో ఎన్ని కప్పులు వచ్చాయో వాళ్లే చెబుతారు. మీరు మాత్రం జట్టులో లేని పిల్లలు ఆ ఏడాది ఏం ఆడారో అడగండి.

అన్నిటికంటే నమ్మదగిన సమాచారం అక్కడ ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లల దగ్గర దొరుకుతుంది. బడి వదిలే వేళకు గేటు బయట ఒకరిద్దరిని పలకరించి, జనవరి వచ్చాక ఆటల పీరియడ్‌లో ఏం జరుగుతుందో కనుక్కోండి.